ఇంటి ముందు నిలబడితే చాలదు, పెరట్లోకి వెళ్లండి!

వేసవి సెలవులైనా, దసరా సెలవులైనా మనం ఏదో ఒక ఊరికి బయల్దేరతాం. అక్కడ కోటో, మహలో, పాత లోగిలో ఉంటే ఫొటోలు తీసుకోకుండా రాం. తిరిగొచ్చాక ఆ ఫొటోలు ఒక్కసారి తీరిగ్గా చూడండి. పిల్లలు వరసగా నిలబడి ఉంటారు, వాళ్ల వెనకాల ఒక గోడ ఉంటుంది. అది గోల్కొండ గోడో, గద్వాల కోట గోడో, పక్కింటి ప్రహరీయో చెప్పడం కష్టం. ఇంటాయన తీస్తే మన తలలు తెగుతాయి, మరిదిగారు తీస్తే మహలు తెగుతుంది!

పోనీ, మహలు మొత్తం చక్కగా పడిందే అనుకుందాం. ఆ మెట్ల ముందు, ఆ స్తంభాల ఎదుట నిలబడి అదే ఫొటో ఇప్పటికే వేలమంది తీసి ఉంటారు. మీరు తీసినదాంట్లో మీదంటూ ఏముంటుంది?

నన్నడిగితే పాత ఇళ్ల ఫొటోలు తీయాల్సింది ఆడవాళ్లే. ఎందుకంటారా? ముఖద్వారం గొప్పతనం ఎవరి కంటికైనా ఆనుతుంది. ఆ ఇంట్లో రోజూ ఇంతమందికి వండిన పొగ ఏ దారిన బయటికి పోయేది, నీళ్లు ఎక్కణ్నుంచి మోసేవారు, తడిబట్టలు ఎక్కడ ఆరేసేవారు, బాలింతను ఏ గదిలో పడుకోబెట్టేవారు అనే సందేహాలు మాత్రం ఇల్లు నడిపినవాళ్లకే వస్తాయి. సందేహం వచ్చినవాళ్లే ఇంటి వెనక్కి నడుస్తారు. అసలు పాత ఇంట్లో మొదట మాయమయ్యేదీ ఆ వెనక భాగమే. ముందు హాలు ఏ ఆఫీసుగానో, హోటలుగానో బతికిపోతుంది. వంటిల్లు మాత్రం పనికిరాని సామాన్ల కొట్టుగా మారి, ఆపైన ఒకరోజు చడీచప్పుడూ లేకుండా నేలమట్టమైపోతుంది. దాన్ని ఎవరూ ఫొటో తీసి ఉండరు.

ఈ పని మొదలుపెట్టడానికి దూరప్రయాణం అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకీ, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకీ అమీర్‌పేట మెట్రో స్టేషన్ చాలు.

"అమీర్‌పేటలో పాత ఇళ్లా?" అని నవ్వకండి. అమీర్‌పేట అనగానే మైత్రీవనం, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు, లేడీస్ హాస్టళ్ల బోర్డులు గుర్తొస్తాయి, నిజమే. పంజగుట్ట అంటే చౌరస్తాలో ట్రాఫిక్, ఫ్లైఓవర్, నిమ్స్ ఆస్పత్రి. కానీ పేర్లు వినండి. పైగా వంశపు నవాబులకు నిజాం ఇచ్చిన బిరుదు అమీర్-ఎ-కబీర్. ఆ అమీర్ పేరు మీద వెలసిన పేట ఇది. ఇక పంజగుట్టలో పంజా అంటే అరచెయ్యి. హజ్రత్ అలీ అరచేతి ముద్ర ఉన్న గుట్ట కనక ఆ పేరు వచ్చిందని చెబుతారు. అంటే ఒకటి నవాబుగారి పేట, ఒకటి గుట్ట. ఊరికి బయట, గాలి బాగా వీచే ఎత్తు నేలలు. పాతబస్తీలో ఇరుకు దేవిడీలున్న నవాబులు వేసవి మహళ్లు కట్టుకోవడానికి ఇటువైపు రావడంలో వింతేముంది?

ఎర్రమంజిల్ సంగతి

పంజగుట్ట దాటగానే వచ్చే మెట్రో స్టేషన్ పేరు ఎర్రమంజిల్. రోజూ ఆ పేరు వింటూ దిగిపోయేవాళ్లలో చాలామందికి ఆ మంజిల్ ఒకటి నిజంగా ఉందని తెలియదు. గుట్ట మీద ఉంది, ఇప్పటికీ ఉంది. కట్టించినాయన నవాబ్ సఫ్దర్ జంగ్ ఫక్రుల్ ముల్క్, నిజాం కొలువులో పెద్ద పదవులు చేసినవారు. నూట యాభైకి పైగా గదులున్నాయని రాస్తారు. పాశ్చాత్య పద్ధతిలో ఎత్తయిన స్తంభాలు, గోడల మీద సున్నపు పూలపని. ఒకప్పుడు దీనికి పోలో మైదానం, గుర్రపుశాలలు, సొంత పాలడెయిరీ కూడా ఉండేవట. పాలడెయిరీ అనగానే చూడండి, మీ ఆలోచన దర్బారు హాలు మీంచి ఎటు మళ్లిందో!

పేరు గురించి ఒక ముచ్చట చెబుతారు. ఈ గుట్టను జనం ఎర్రగుట్ట అనేవారు. నవాబుగారు పెట్టిన పేరు ఇరమ్ మంజిల్. పారశీకంలో ఇరమ్ అంటే స్వర్గవనం. ఆయన స్వర్గం అంటే మనవాళ్ల నాలుక 'ఎర్ర' అనే పలికింది. ఇరమూ నిలిచింది, ఎర్రా నిలిచింది. ఇదే లైన్లో అమీర్‌పేటకు అవతలి వైపు, ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రిగా మనకు తెలిసిన పాత భవనం కూడా ఈ ఫక్రుల్ ముల్క్ కట్టించినదే. దాని పేరు ఇరమ్ నుమా.

నవాబుల కాలం పోయాక ఎర్రమంజిల్ ప్రభుత్వం చేతికొచ్చింది. ఇంజినీర్ల ఆఫీసులు వచ్చాయి, గదుల్లో ఫైళ్ల బీరువాలు వెలిశాయి. 1995లో నగరంలోని వారసత్వ కట్టడాలను కాపాడడానికి నిబంధన ఒకటి వచ్చింది. 2015లో ఆ నిబంధనను తీసేశారు. ఆ తర్వాత 2019 జూన్‌లో, ఈ స్థలంలో కొత్త అసెంబ్లీ భవనం కట్టాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అదే నెలలో శంకుస్థాపన కూడా అయిపోయింది. అసెంబ్లీ రావాలంటే మంజిల్ పోవాలి. నవాబు వారసులతో పాటు మరికొందరు కోర్టుకెళ్లారు. విద్యార్థులు, ఆర్కిటెక్టులు, ఊరంటే ఇష్టమున్న మామూలు జనం కెమెరాలు పట్టుకుని గుట్ట ఎక్కారు. 2019 సెప్టెంబర్ 16న హైకోర్టు మంత్రివర్గం నిర్ణయాన్ని కొట్టేసింది. మంజిల్ నిలిచింది.

ఆ మూడు నెలల్లో పత్రికల్లో వచ్చిన ఫొటోలు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఎక్కువగా ముందువైపు స్తంభాలే. తీర్పు వేరేలా వచ్చి ఉంటే మన పిల్లలకు మిగిలేవి ఆ స్తంభాలే. అన్ని గదుల ఇంట్లో పొయ్యిలు ఎక్కడున్నాయో, జనానా మెట్లు ఏ వైపు దిగుతాయో ఎవరు చెబుతారు?

చూడ్డానికి వెళ్తే ఒక హెచ్చరిక. పాత భవనం కనక పెచ్చులూడే చోట్లు ఉంటాయి. అనుమతి లేనిదే లోపలికి వెళ్లకండి, పిల్లల్ని అసలే పంపకండి. బయటి నుంచి తీయగలిగింది తీయండి. చుట్టూ తిరిగి నాలుగు వైపులా తీస్తే అదే చాలా ఎక్కువ.

పరదా వెనక కెమెరా

ఇంటి లోపలి సంగతి కెమెరాకు ఎందుకు అందలేదంటే, ఆ రోజుల్లో పరదా. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పేరు వినే ఉంటారు. 1844లో పుట్టి 1905లో పోయారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వేటలు, విందులు, దర్బార్లు, మహళ్లు ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే ఆయన చలవే. అంతటివాడికీ జనానా గుమ్మం దాటడానికి వీల్లేదు. అందుకని 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్లకోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. మగపురుగు అడుగుపెట్టని ఆ స్టూడియోలో ఫొటోలు తీసిందీ ఒక ఆడమనిషే, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషావిడ. బేగంలు పరదాబండిలో వచ్చి ఫొటో దిగి వెళ్లిపోవచ్చు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

అయినా అక్కడికి వచ్చింది ఆడవాళ్లే గానీ వాళ్ల ఇల్లు కాదు కదా! స్టూడియో తెర ముందు కుర్చీలో కూర్చున్నారు. వాళ్లు రోజంతా గడిపిన దాలాన్, వంటలు చేయించిన బావర్చీఖానా, కబుర్లు చెప్పుకున్న వాకిలి ఫొటోకి ఎక్కలేదు.

ఇదే మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దాకా వెళ్లి కోఠీలో దిగితే దీనికి తోడు ఇంకో ఉదాహరణ కనిపిస్తుంది. మన అత్తయ్యలు, పిన్నులు చదువుకున్న ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. అందులోని పాత భవనం బ్రిటిష్ రెసిడెన్సీ. 1803 ప్రాంతంలో జేమ్స్ కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంటు మొదలుపెట్టించాడు. ముందు వైపు సింహాలు, పెద్ద మెట్లు, ఆకాశమంత స్తంభాలు. అందరూ అక్కడే ఫొటో దిగుతారు. ఆయన పెళ్లాడిన ఖైరున్నీసా బేగం మాత్రం వెనక రంగమహల్‌లో ఉండేది. పరదా వల్ల ఆమె ముందువైపుకి రాలేదు కనక, భవనం ఎలా ఉంటుందో చూపించడానికి వెనక తోటలో దాని నమూనాను బుల్లి బొమ్మరిల్లులా కట్టించాడని కథ. రంగమహల్‌ను తర్వాతి కాలంలో పడగొట్టేశారు, ద్వారం మిగిలింది. చూశారా, ముందుభాగం రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మరమ్మతులు చేయించుకుని మెరుస్తోంది. ఆవిడ కాపురం చేసిన ఇల్లు లేదు.

చేతిలో ఫోనుంటే చాలు

ఖరీదైన కెమెరా అక్కర్లేదు. కానీ కొన్ని చిన్న సూత్రాలు పాటిస్తే ఫొటో పదికాలాలు పనికొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం ఫోను నిటారుగా పట్టుకోవడం. ఎత్తయిన మేడ పైదాకా రావాలని ఫోనుని వెనక్కి వాలుస్తాం. అప్పుడు మేడ కూడా వెనక్కి పడిపోతున్నట్టు, పైకి పోయేకొద్దీ సన్నబడిపోయినట్టు వస్తుంది. వాల్చకుండా వెనక్కి నడవండి. రోడ్డు అవతలికి వెళ్లండి, ఎదురింటి వాళ్లను బతిమాలి వాళ్ల డాబా ఎక్కండి. ఫోనులో గళ్లు కనిపించే ఏర్పాటు ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకుంటే గడప అడ్డగీతకీ, స్తంభం నిలువుగీతకీ కలిసిందో లేదో తెలిసిపోతుంది. ముగ్గు వేసేవాళ్లకి ఇది నేర్పాలా!

ఎండ విషయం. మిట్టమధ్యాహ్నం సున్నపు గోడ తెల్లగా వెలిసిపోయి పూలపని కనబడదు. పొద్దున ఎనిమిదిలోపో, సాయంత్రం నాలుగున్నర దాటాకో పక్కనుంచి ఎండ పడుతుంటే ప్రతి పువ్వు కిందా చిన్న నీడ పడి చెక్కడం పైకి తేలుతుంది. తూర్పు ముఖం ఇంటికి పొద్దున, పడమటి ముఖానికి సాయంత్రం. లోపలి గదులకైతే ఫ్లాష్ వద్దు. తలుపులు, కిటికీలు తెరిపించి, ఫోనుని కదలకుండా ద్వారబంధానికి ఆనించి పట్టుకుని తీయండి. ఒక గదిని నాలుగు మూలల నుంచీ తీస్తే ఆ గది మొత్తం మన చేతికొచ్చినట్టే.

కిటికీ, గూడు, పొయ్యి లాంటివి దగ్గరగా తీసేటప్పుడు పక్కన పిల్లల స్కేలు ఒకటి పెట్టండి. స్కేలు లేకపోతే మీ చెయ్యి పెట్టినా సరే. లేకపోతే అది జానెడు గూడో, మనిషి పట్టే గూడో చూసేవాళ్లకు తెలియదు.

ఇక ఏం తీయాలి అంటే, ముందు వీధిలోంచి ఇల్లు, తర్వాత అందరూ వదిలేసేవి. షాబాద్ బండల నేల, అది ఎక్కడ ఎక్కువ అరిగిందో ఆ చోటు. అక్కడే ఎవరో ఏళ్లతరబడి నిలబడి పనిచేశారన్నమాట. పొయ్యి పైన పొగ మరకలు. బావి గిలక, చేద తాడు ఒరుసుకుని గట్టు మీద పడిన గాడి. దీపం గూట్లో నూనె జిడ్డు. రోలు పాతిన చోటు. అటక. పెచ్చు ఊడిన చోట గోడ లోపల కనిపించే ఇటుక, డంగుసున్నం. పాత మేస్త్రీలు ఆ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపేవారని చెప్పుకుంటారు. మన వంటింటి దినుసులే గోడలెక్కాయి, మనం కాక ఇంకెవరు పట్టించుకుంటారు!

నవాబుల ఇళ్లే ఇళ్లా?

కాదు. మెట్రో దిగి సంజీవరెడ్డి నగర్ లోపలి వీధుల్లో, అమీర్‌పేట సందుల్లో నడవండి. ముందు వరండా, సిమెంటు జాలీ, ఎర్రరంగు గచ్చు, గేటు పక్కన గన్నేరు చెట్టు, పెరట్లో తులసికోట ఉన్న ఒంటి అంతస్తు ఇళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. ఉద్యోగం చేసి, పీఎఫ్ తీసి, ఇల్లాలి గాజులు కుదువపెట్టి కట్టుకున్న ఇళ్లు అవి. వాటికి కోర్టులో కేసు వేసేవాళ్లు లేరు, వెయ్యనక్కర్లేదు కూడా. పిల్లలు అమెరికాలో ఉంటారు, పెద్దవాళ్లు మెట్లు ఎక్కలేరు, బిల్డరు వచ్చి నాలుగు ఫ్లాట్లు ఇస్తానంటాడు. కాగితాల మీద సంతకాలు అవుతాయి. అది తప్పని నేననను. లిఫ్టు ఉన్న ఫ్లాటు మోకాళ్ల నొప్పులవాళ్లకు వరమే. కానీ జేసీబీ రావడానికి ముందు ఒక్క పూట ఉంటుంది కదా, ఆ పూట ఎవరికీ గుర్తుండదు. ఆరోజు అందరూ సామాన్లు సర్దుతూ ఉంటారు.

అందుకే సంతకాలకు ముందే, ఇల్లు ఇంకా ఇల్లులా ఉండగానే తీయండి. గదులు ఖాళీ అయ్యాక తీస్తే గోడలే వస్తాయి. డబ్బాలు వరసగా ఉన్న వంటింటి అర, దేవుడి గూడు, క్యాలెండరు మేకు, తలుపు చెక్క మీద పిల్లల ఎత్తు గీసిన గీతలు, ఇవన్నీ సామాన్లుండగా తీసినప్పుడే పడతాయి.

మీది కాని ఇల్లయితే అడగకుండా ఫోను ఎత్తకండి. గేటు దగ్గర నిలబడి "అమ్మా, మీ ఇల్లు చాలా బాగుంది, ఒక్క ఫొటో తీసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. మగవాళ్లు అడిగితే 'ఎందుకు, ఏ ఆఫీసు, ఎవరు పంపారు' అని ఆరా తీస్తారు. ఆడవాళ్లు అడిగితే లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి పెరడు కూడా చూపిస్తారు. ఇది మనకున్న సౌకర్యం, వాడుకోండి. ఇంట్లోవాళ్ల మొహాలు, నగలు, బీరువాలు పడకుండా చూడండి. ఇంటి నంబరు, గేటు తాళాలు కనిపించే ఫొటోలు నలుగురికీ పంపకండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇల్లయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. మీరు తీసిన వాటిలో మంచివి రెండు ప్రింట్ వేయించి ఆ ఇంటావిడకు తెచ్చి ఇవ్వండి. రెండోసారి వెళ్లినప్పుడే అసలు కబుర్లు బయటికొస్తాయి.

ఆ కబుర్లు అడిగి రాసుకోండి. 'ఇల్లు ఎప్పుడు కట్టారు?' అంటే చాలామందికి సంవత్సరం గుర్తుండదు. 'మీ పెద్దబ్బాయి అప్పటికి నడిచేవాడా?' అని అడగండి, ఠక్కున చెప్పేస్తారు. నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చేవి, పొయ్యి ఏది, గ్యాసు ఎప్పుడొచ్చింది, పురుడు ఏ గదిలో పోశారు, ఈ రోడ్డు మట్టిదారిగా ఉన్నప్పుడు బస్సు ఎక్కడ ఎక్కేవారు, ఇలాంటివి. అమీర్‌పేటలోనే సారథి స్టూడియో ఉంది కదా, షూటింగులు చూడ్డానికి గోడల దగ్గర నిలబడినవాళ్లు కూడా తగలొచ్చు.

చివరగా, దాచుకోవడం గురించి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఫోనులో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లోనో, పిల్లల కంప్యూటర్‌లోనో ఇంకో కాపీ తప్పనిసరి. ఫోను నీళ్ల బకెట్లో పడడానికి క్షణం చాలు. ముఖ్యమైనవి పదో పదిహేనో ప్రింట్లు వేయించండి. వెనకాల బాల్‌పెన్నుతో నొక్కి రాస్తే అచ్చు ముందుకి తేలుతుంది కనక మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా ఊరు, వీధి, తేదీ, ఏ గది, ఎటువైపు నుంచి తీశారో రాయండి. పేజీకి జిగురు ఉండి, పైన ప్లాస్టిక్ కాగితం అంటుకునే ఆల్బములు కొనొద్దు. కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు రంగుకి తిరిగి ఫొటోని పట్టేస్తుంది, తీయబోతే చిరుగుతుంది. పాత ఆల్బములు అలాంటివే అయితే ముందు వాటిని పేజీకి పేజీ ఫోనుతో తీసేసుకోండి, ఆపైన విడదీసే ప్రయత్నం చేయండి. మీ పెళ్లి ఫొటోల్లో కూడా చూడండి, పందిరి వెనకాల పుట్టింటి పెరడు కొంచెం కనిపిస్తూ ఉంటుంది.